62 డిగ్రీల పైన మీ ఫ్లాగ్‌షిప్ ఫోన్ ఏం చేస్తుంది?

కొత్త ఫోన్ రివ్యూ ఏది చూసినా ఈమధ్య ఒక లైన్ తప్పకుండా ఉంటోంది: 'శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉంది, అడవిలోకైనా ధైర్యంగా వెళ్లొచ్చు'. 2022లో ఐఫోన్ 14తో మొదలైన ఫీచర్ ఇది. మంచి ఫీచరే, కాదనను. కానీ ఆ 'అడవి' ఎక్కడుంది అన్నది ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

పోయిన వేసవిలో మేమిద్దరం సియాటిల్ నుంచి కారులో ఉత్తరానికి బయల్దేరాం. బ్రిటిష్ కొలంబియాలో కాసియర్ హైవే (700 కిలోమీటర్ల పైనే), అక్కణ్ణుంచి అలాస్కా హైవే మీద వైట్‌హార్స్, ఆ తర్వాత డాసన్ సిటీ. అక్కడ యూకాన్ నది దాటించే ఫ్రీ ఫెర్రీ ఎక్కి 'టాప్ ఆఫ్ ద వరల్డ్' హైవే మీదుగా అలాస్కాలోకి. తిరుగు ప్రయాణం హెయిన్స్‌లో కారుతో సహా ఓడెక్కి బెల్లింగ్‌హామ్ వరకు. ఇదీ ప్లాన్.

మా ఆవిడకి ఒకటే కండిషన్. ఖమ్మంలో మామయ్యకి బైపాస్ అయి అప్పటికి నాలుగు నెలలే. రోజుకొక్కసారైనా అటు కబురు ఇటు రావాలి, ఇటు కబురు అటు వెళ్లాలి. "ఫోన్‌లో శాటిలైట్ ఉందిగా" అన్నాను, స్పెక్ షీట్ బట్టీ పట్టినవాడిలా. తను సపోర్ట్ పేజీ తెరిచి కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చూపించింది: 62 డిగ్రీల అక్షాంశం దాటితే కనెక్షన్ పనిచేయకపోవచ్చు. డాసన్ సిటీ 64 డిగ్రీల మీద ఉంది!

కారణం సింపుల్. ఐఫోన్ వాడేది గ్లోబల్‌స్టార్ శాటిలైట్లను. వాటి కక్ష్య వంపు 52 డిగ్రీలు, అంటే అవి అంతకంటే ఉత్తరానికి రావు. మనం పైకి వెళ్లేకొద్దీ అవి దక్షిణం వైపు ఆకాశంలో కిందికి దిగిపోతాయి, ఒక కొండ అడ్డొస్తే చాలు. పైగా మన సిగ్నల్‌ని అవి నేలమీది స్టేషన్‌కి అద్దంలా తిప్పి పంపుతాయి కాబట్టి, ఆ స్టేషన్ కూడా అదే సమయంలో వాటికి కనిపించాలి. ఇరిడియం వేరు. 66 శాటిలైట్లు ధ్రువాల మీదుగా తిరుగుతూ, మెసేజ్‌ని ఒకదాన్నుంచి ఇంకోదానికి అందించుకుంటాయి. ఉత్తరానికి పోయేకొద్దీ ఇంకా దగ్గర దగ్గరగా వస్తాయి.

అలా ఇరిడియం మీద నడిచే గార్మిన్ ఇన్‌రీచ్ మినీ 2 కొన్నాం. 100 గ్రాముల డబ్బా. దాదాపు 400 డాలర్లు, నెల నెలా సబ్‌స్క్రిప్షన్ అదనం. కెమెరా లేదు, చెప్పుకోదగ్గ స్క్రీన్ లేదు. బిల్ కడుతున్నప్పుడు నా మొహం చూడాల్సింది.

డాసన్ నుంచి 60 కిలోమీటర్లు వెళ్లాక కంకర రోడ్డు మీద వెనక టైరు పోయింది. చుట్టూ బోడి కొండలు, గాలి తప్ప చప్పుడు లేదు. డిక్కీలో ఉన్నది సన్న స్పేర్ టైరు, దాంతో కంకర మీద ముందుకెళ్లే ధైర్యం లేదు. సాయంత్రం అయితే బోర్డర్ గేటు కూడా మూసేస్తారు. వెనక్కే వెళ్దాం అనుకున్నాం. అప్పుడు మాకు మధ్యాహ్నం 3, ఖమ్మంలో తెల్లవారుజామున 3:30. డాలస్‌లో ఉన్న మా వదినకి మెసేజ్ పెట్టాం: టైరు పోయింది, బాగానే ఉన్నాం, నాన్నకి చెప్పకు.

జవాబు రావడానికి పావుగంట పట్టింది. నేను టైరు మారుస్తున్నాను, తను ఆ డబ్బాని ఆకాశానికి చూపిస్తూ బానెట్ పక్కన నిలబడింది. 'నాన్న చెకప్ అయింది. డాక్టర్ బాగుందన్నారు. మెల్లగా రండి.' తను దాన్ని చదివి నాకు వినిపించలేదు, ఫోన్ నా చేతిలో పెట్టి అటు తిరిగింది.

ఇక్కడే నా కంప్లైంట్. రివ్యూలన్నీ ఎస్‌ఓఎస్ బటన్ గురించే మాట్లాడతాయి. ఆ రోజు మాకు హెలికాప్టర్ అక్కర్లేదు. కావాల్సింది రెండు వైపులా నడిచే మామూలు కబురు. శాటిలైట్ ఫోన్ రివ్యూ రాసేవాళ్లు ఏ నెట్‌వర్క్, ఏ అక్షాంశం వరకు, ఎస్‌ఓఎస్ మాత్రమేనా మామూలు మెసేజ్ కూడానా అన్న మూడూ మొదటి పేరాలోనే రాయాలి. కెమెరా శాంపిల్స్ తర్వాత చూసుకోవచ్చు.

అన్నట్టు, ఈ డబ్బాని సరదాగా ఇండియాకి తీసుకెళ్లకండి. అనుమతి లేని శాటిలైట్ కమ్యూనికేషన్ పరికరం అక్కడ చట్టవిరుద్ధం, ఎయిర్‌పోర్ట్‌లోనే పట్టుకుంటారు. మాది ఇక్కడే డ్రాయర్‌లో ఉంది.

ఓడ గురించి కూడా ఒక మాట. అలాస్కా ఫెర్రీ క్రూజ్ కాదు, కేబిన్ దొరకనివాళ్లు పై డెక్ మీద టెంట్ వేసుకుని పడుకుంటారు. ఓడ కదిలాక కార్ల డెక్ మూసేస్తారు, అప్పుడప్పుడు మాత్రమే కాసేపు తెరుస్తారు. నా 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కారులోనే మర్చిపోయాను. ఫోన్ 9 శాతంలో ఉండగా మా ఆవిడ తన బ్యాగ్‌లోంచి ఇంకో పవర్ బ్యాంక్ తీసి, ఏమీ అనకుండా టేబుల్ మీద పెట్టింది.