వీళ్ళు జాబ్ ఏం చేస్తారు, మేడమ్?



తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పుస్తకం 'బీహైవ్'లో ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ షెహనాయి మీద ఒక పాఠం ఉంది. అది చెప్పేటప్పుడు నేను ప్రతి ఏడాదీ ఒక పీరియడ్ పాటలకే వదిలేస్తాను. షెహనాయి వినిపిస్తాను, తర్వాత మన నాదస్వరం, ఆ తర్వాత పాశ్చాత్య సంగీతంలో వాటి బంధువులు ఓబో, బాసూన్. నాలుగింటికీ మూలం ఒకటే. రెండు పలచటి రెల్లు ముక్కల్ని కలిపి కట్టిన పీక, వాటి మధ్యనుంచి వెళ్ళే ఊపిరి.

బాసూన్‌ని చూడగానే పిల్లలు నవ్వుతారు. దాదాపు రెండున్నర మీటర్ల చెక్క గొట్టాన్ని మధ్యకు మడిచినా ఇంకా నాలుగడుగుల పైనే ఉంటుంది. ఈసారి చూపించింది నలుగురు కలిసి వాయించిన ఒక బాసూన్ కచేరీ వీడియో. అది అయిపోగానే వెనక బెంచీలోంచి ఒక బాబు చెయ్యెత్తాడు.

"మేడమ్, వీళ్ళు జాబ్ ఏం చేస్తారు?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. హైటెక్ సిటీకి కూతవేటు దూరంలో చదివే పిల్లాడు ఇంకేం అడుగుతాడు? కానీ ఆ ప్రశ్న ఇంటిదాకా నా వెంటే వచ్చింది. ఎందుకంటే పేరెంట్-టీచర్ మీటింగులో మీరు నన్ను అడిగేదీ ఇదే. "మ్యూజిక్ బాగానే నేర్చుకుంటున్నాడు మేడమ్, కానీ స్కోప్ ఏముంటుంది?"

నేను మ్యూజిక్ టీచర్ని కాను. అయినా ఇది దాటవేయాల్సిన ప్రశ్న కాదనిపించి, తెలిసినంతలో జవాబు వెతికాను.

ముందు బాసూన్ సంగతి. ఒక సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్లు ఇరవై ముప్పై ఉంటాయి. బాసూన్లు రెండు, మహా అయితే నాలుగు. ఉన్నవాళ్ళలో ఒకరు రిటైరైతేనే ఖాళీ వస్తుంది. ఆ ఒక్క కుర్చీ కోసం ఎందరో వస్తారు. చాలాచోట్ల ముఖం కనబడకుండా తెర వెనక వాయించాలి. ఉద్యోగం దొరకనివాళ్ళు కాలేజీలో పాఠం చెబుతారు, ఆ వారం ఏ ఆర్కెస్ట్రా పిలిస్తే అక్కడ వాయిస్తారు. పీకలు కొనుక్కోవడం కంటే సొంతంగా చెక్కుకునేవాళ్ళే ఎక్కువ. అంటే వాయించే గంటలకు తోడు కత్తి పట్టుకుని కూర్చునే గంటలు కూడా ఉంటాయి. కాబట్టి ఆ బాబుకు జవాబు: వీళ్ళు మూడు నాలుగు పనులు చేస్తారు నాన్నా, అన్నీ ఆ గొట్టం చుట్టూనే.

ఇక మన దగ్గరికి వద్దాం. బిస్మిల్లా ఖాన్ పేరు మా పిల్లలకు పాఠంలో ఉంది కాబట్టి తెలుసు. 1947 ఆగస్టు 15న ఢిల్లీలో ఆయన షెహనాయి మోగిందని పరీక్షలో రాస్తారు, 2001లో భారతరత్న అనీ రాస్తారు. షేక్ చినమౌలానా ఎవరని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. నిజం చెప్పాలంటే బీఈడీ చదివేరోజుల్లో నన్ను అడిగినా లేచేది కాదు.

విజయవాడ నుంచి చెన్నై వెళ్ళే రైలు ఒంగోలుకు కాస్త ముందు కరవది అనే చిన్న స్టేషన్ దాటుతుంది. మీలో చాలామంది ఆ దారిన ఎన్నోసార్లు వెళ్ళే ఉంటారు. చినమౌలానా గారు 1924లో పుట్టింది ఆ కరవదిలోనే. తరతరాలుగా నాదస్వరం వాయించిన ముస్లిం కుటుంబం. తండ్రి దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేటలో ఆదం సాహెబు గారి దగ్గర నేర్చుకున్నారు. అక్కడితో ఆగలేదు. తంజావూరు బాణీ కావాలని నాచ్చియార్‌కోవిల్ వెళ్ళి రాజం, దురైకణ్ణు సోదరులకు శిష్యుడయ్యారు. చివరికి శ్రీరంగంలోనే స్థిరపడిపోయారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాస్ మ్యూజిక్ అకాడెమీ వారి సంగీత కళానిధి. మరుసటి ఏడాది కన్నుమూశారు. మనవలు కాసిం, బాబు ఇప్పుడు ఆ బాణీని వాయిస్తున్నారు.

ఆయన శిష్యుల్లో ఒక జంట ఉంది, షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ మహబూబ్. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని నాదస్వరం వాయించడం, అందులోనూ ఒక స్త్రీ ఆ వాద్యం పట్టడం, ఇప్పటికీ అరుదే. వీళ్ళూ ఆంధ్రలో పుట్టినవాళ్ళే, వీళ్ళూ శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది. ఆ జాబితాలో వారి పేర్ల ఎదుట ఉన్న రాష్ట్రం తమిళనాడు.

నన్ను ఆపేసింది ఆ ఒక్క మాటే. మన పిల్లలు అమెరికా వెళ్ళడం మనకు అర్థమవుతుంది, పని అక్కడుంది కాబట్టి. మరి కరవది నుంచి శ్రీరంగం ఎందుకు వెళ్ళాలి? నేర్పే గురువులు అక్కడున్నారు, నిజమే. వాటితోపాటు అక్కడ వినేవాళ్ళూ ఉన్నారు. దేవుడి ఊరేగింపు వెంట అర్ధరాత్రి దాకా నడిచి, ఏ రాగం ఎంతసేపు వాయించారో మర్నాడు మాట్లాడుకునేవాళ్ళు. స్కోప్ అని మనం అంటున్నది చాలావరకు వాళ్ళ చెవులే.

మన చెవుల సంగతి చెబుతాను. మొన్న మాఘమాసంలో గచ్చిబౌలి వైపు ఒక కన్వెన్షన్ హాల్లో పెళ్ళికి వెళ్ళాను. వరపూజ అయ్యాక, ముహూర్తానికి ఇంకా టైముండగా, సన్నాయి వాయించే పెద్దాయన కల్యాణి అందుకున్నారు. దాదాపు పావుగంట వాయించారు. నాదస్వరానికి బాసూన్‌లా మీటలు ఉండవు. వేళ్ళకు ఏడు రంధ్రాలు, మిగతా మెలికలన్నీ పెదవితో, ఊపిరితో తీయాల్సిందే. హాల్లో ఐదారొందల మంది ఉన్నారు. తలెత్తి చూసింది, నేను గమనించినంతవరకు, ఇద్దరు ముసలివాళ్ళు, ఒక చంటిపిల్ల. మధ్యలో ఫోటోగ్రాఫర్ వచ్చి, డ్రోన్ షాట్‌కి అడ్డం వస్తోందని మేళాన్ని పక్కకు జరగమన్నాడు. జరిగారు, రాగం ఆపకుండానే.

భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చుని మాటల్లో పెట్టాను. ఎనిమిదో ఏట పీక నోట్లో పెట్టారట. ఊళ్ళో గుడి కొలువు ఉంది, జీతం చిన్నది. ఆకాశవాణి ఆడిషన్‌లో గ్రేడు వచ్చింది, అప్పుడప్పుడూ రికార్డింగుకు పిలుస్తారు. అసలు సంపాదన పెళ్ళిళ్ళదే. ఆషాఢం ఖాళీ. మూఢం వస్తే ఇంకా ఖాళీ. "మాకు లేఆఫ్ పంచాంగంలో ముందే రాసుంటుందమ్మా" అన్నారు నవ్వుతూ.

"మరి మీ అబ్బాయికి నేర్పారా?" అని అడిగాను. పక్కన వాయించిన కుర్రాణ్ణి చూపించారు. ఆ అబ్బాయి రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాడు. ఆ రోజు లీవు పెట్టి వచ్చాడు. ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ తెలియదట. ఎందుకు చెప్పలేదంటే భుజాలెగరేసి, "ఏమని చెప్పాలి మేడమ్, పెళ్ళిళ్ళలో బాజా వాయిస్తానని చెప్పనా?" అన్నాడు. ఆ గొంతులో కోపమేమీ లేదు. అందుకే నాకు మరీ కష్టంగా అనిపించింది. అదే అబ్బాయి వీకెండ్‌లో గిటార్ వాయిస్తానంటే టీమ్ లంచ్‌లో ఒక పాట వాయించమని అడిగేవాళ్ళు కాదా?

నేను నీతులు చెప్పే స్థానంలో లేను. మా అన్నయ్య పెళ్ళిలో మేళంవాళ్ళతో గంటసేపు బేరమాడి రెండు వేలు తగ్గించింది మా ఇంట్లోవాళ్ళే. సంగీత్ నైట్ డీజే చెప్పిన రేటుకు మాత్రం ఎవరూ కిక్కురుమనలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. స్కోప్ తక్కువే. నాదస్వరానికైనా బాసూన్‌కైనా వీణకైనా, దాని మీదే బతికేవాళ్ళు కొద్దిమంది. లేదని చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. నా అభ్యంతరం మనం ఆ ప్రశ్న అడిగే సమయం మీద. ఊదే వాద్యాలకు పెదవి, ఊపిరి చిన్నప్పుడే కుదరాలి. సన్నాయి ఇళ్ళల్లో ఏడెనిమిదేళ్ళకే మొదలుపెడతారు. బాసూన్ అయితే చెయ్యి దాని మీటలను అందుకోవాలి కాబట్టి సాధారణంగా పదకొండు, పన్నెండేళ్ళకు. అంటే మన లెక్కలో ఆరు, ఏడు తరగతులు. సరిగ్గా అప్పుడే మన ఇళ్ళల్లో మ్యూజిక్ పీరియడ్ మీద కత్తెర పడుతుంది, ఫౌండేషన్ మ్యాథ్స్ కోసం. ఆ పిల్లకు అది అబ్బుతుందో లేదో తేలకముందే, ఉద్యోగం రాదన్న తీర్పు మనం ఇచ్చేస్తున్నాం. పదో తరగతి అయ్యాక మళ్ళీ మొదలుపెడదామంటారు కొందరు. కీబోర్డుకు అది కుదురుతుందేమో కానీ, పీకకు కష్టం.

ఫౌండేషన్ క్లాసులు వద్దని నేననడం లేదు. నా చెల్లెలు ఆ దారినే చదివి ఉద్యోగం తెచ్చుకుంది. వారానికి రెండు పీరియడ్లు ఎనిమిదో తరగతి దాకా ఉంచితే ర్యాంకు పోతుందని మాత్రం నేను నమ్మను. ఆ టెస్టింగ్ ఇంజనీరే నాకు సాక్ష్యం. రెండూ చేస్తున్నాడు, ఒకటి దాచుకుని చేస్తున్నాడంతే.

ఇంకొకటి, మనం వాయించనక్కర్లేదు, వినొచ్చు కదా. మాదాపూర్‌లో శిల్పకళావేదిక ఉంది, పక్కనే శిల్పారామం ఉంది. చాలా ఇళ్ళకు ట్రాఫిక్ లేకపోతే పావుగంట దూరం. (ట్రాఫిక్ లేకపోతే అన్నాను, తెలుసు.)

క్లాసులో ఆ ప్రశ్న వచ్చిన వారమే పిల్లలకు ఒక హోంవర్క్ ఇచ్చాను. ఈ సీజన్‌లో ఏ పెళ్ళికి వెళ్ళినా సన్నాయి వాయించినవారి దగ్గరికి వెళ్ళి, ఏ రాగం వాయించారో అడిగి, ఇంగ్లీషులో ఐదు వాక్యాలు రాసుకురావాలి. నలభై మందిలో పదకొండు మంది తెచ్చారు. ఇద్దరివి అమ్మలు రాసిచ్చినవని చేతిరాత చూస్తేనే తెలిసిపోయింది, ఏమీ అనలేదు.

వెనక బెంచీ బాబుది ఐదో వాక్యం దగ్గర ఇంగ్లీషు ఆగిపోయి తెలుగులోకి మారింది. హిందోళం అని చెప్పారట. ఇంతవరకు పెళ్ళిలో ఎవరూ అడగలేదు బాబూ అన్నారట. ఇంకొకటి వాయించనా, వింటావా అన్నారట. ఆ ఇంకొకటి వాడి ఫోన్‌లో ఉంది, నాలుగు నిమిషాలు. వెనక పప్పు వడ్డించమనే కేకలు వినిపిస్తున్నాయి.