ఏడ్చిన తర్వాత ఏమడుగుతాం?

డిసెంబరు 6 మనకు ముందునుంచీ బరువైన తేదీ. 1956లో అంబేడ్కర్ కన్నుమూసింది ఆ రోజే. 1992లో అయోధ్యలో మసీదును కూలగొట్టిందీ ఆ రోజే. మండవల్లిలో మా సంఘం ఆడవాళ్ళం ఆ రోజున అంబేడ్కర్‌కి దండ వేసి, కాసేపు కూర్చుని మాట్లాడుకుని ఎవరి పనుల్లోకి వాళ్ళం వెళ్ళిపోతాం. అదే తేదీన కెనడాలో స్త్రీలు కూడా ఒకచోట చేరతారనీ, చనిపోయిన 14 మంది పేర్లు పైకి చదువుతారనీ మనలో చాలామందికి తెలియదు. 2019లో అదే తేదీన మన దగ్గర జరిగినదాని గురించి మాత్రం తెలియనివాళ్ళు లేరు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు కెనడా సంగతి. 1989 డిసెంబరు 6 సాయంత్రం మాంట్రియల్ నగరంలోని ఎకోల్ పాలిటెక్నిక్ అనే ఇంజనీరింగు కాలేజీలోకి 25 ఏళ్ళ యువకుడొకడు తుపాకి పట్టుకుని వచ్చాడు. పాఠం జరుగుతున్న ఒక తరగతిలోకి వెళ్ళి మగవాళ్ళను ఒకవైపు, ఆడవాళ్ళను ఒకవైపు నిలబడమన్నాడు. ఏదో వేళాకోళం అనుకుని మొదట ఎవరూ కదల్లేదు. సుమారు 50 మంది మగపిల్లలను బయటికి పంపేశాడు. మిగిలిన 9 మంది అమ్మాయిలతో, తాను స్త్రీవాదం మీద పోరాడుతున్నానని చెప్పాడు. మేం చదువుకోవడానికి వచ్చినవాళ్ళమే కదా అని నతాలీ ప్రొవో అనే అమ్మాయి నచ్చజెప్పబోయింది. వాడు కాల్చాడు. ఆ గదిలో ఆరుగురు చనిపోయారు. తర్వాత వరండాల్లో, కాంటీనులో, మరో తరగతిలో వెతుక్కుంటూ తిరిగాడు. 20 నిమిషాలు గడవకముందే 14 మంది ఆడవాళ్ళు చనిపోయారు. 12 మంది ఇంజనీరింగు విద్యార్థినులు, ఒకరు నర్సింగు విద్యార్థిని, ఒకరు కాలేజీలో ఉద్యోగిని. చివరికి తనను తాను కాల్చుకున్నాడు. వాడి పేరు ప్రపంచమంతా రాసింది, నేను రాయను.

వాడు ఆ కాలేజీలో చేరాలని ప్రయత్నించి సీటు దొరకనివాడు. జేబులో ఉత్తరం ఉంది. తన బతుకును స్త్రీవాదులు పాడు చేశారని అందులో రాసుకున్నాడు, చంపాలనుకున్న మరో 19 మంది స్త్రీల పేర్లు కూడా రాశాడు. ఆడపిల్లలు వచ్చి మా సీట్లు, మా ఉద్యోగాలు తన్నుకుపోతున్నారన్న మాట మన టీ కొట్ల దగ్గర కూడా నవ్వుతూ అంటారు. నవ్వుతూ అంటారు కాబట్టి మనమూ పట్టించుకోం.

తర్వాత జరిగింది మనం చదువుకోదగ్గది. క్విబెక్ రాష్ట్రం సంతాపదినాలు పాటించింది. పెద్ద చర్చిలో అంత్యక్రియలు జరిగాయి. పత్రికలు, నాయకులు, డాక్టర్లు చాలామంది ‘పిచ్చివాడు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టబోయారు. ఆడవాళ్ళని ఏరి ఏరి చంపాడు, అది చూడరేం అని అడిగిన స్త్రీలను శవాల మీద రాజకీయం చేస్తున్నారని తిట్టారు. ఉత్తరాన్ని పోలీసులు బయటపెట్టలేదు. ఏడాది తర్వాత అది ఒక పత్రికలో వచ్చింది. బహిరంగ విచారణ అసలు జరగనేలేదు. అప్పుడు చనిపోయినవాళ్ళ తల్లులూ తోటి విద్యార్థులూ తామే అడగడం మొదలుపెట్టారు. వాళ్ళ మొదటి ప్రశ్న చాలా చిన్నది. తుపాకి ఎక్కడిది? దుకాణంలో చట్టప్రకారం డబ్బిచ్చి కొనుక్కున్నది. అయితే ఆ చట్టం ఏమిటి?

కూతురు ఆన్-మరీని పోగొట్టుకున్న సుజాన్ లాప్లాంట్-ఎడ్వర్డ్, ఆ రోజు ఆ భవనంలోనే ఉండి బతికిన విద్యార్థిని హైదీ రాత్యెన్, ఇంకా ఎందరో కలిసి 5 లక్షలకు పైగా సంతకాలు సేకరించారు. 1991లో ఒక చట్టం, 1995లో అంతకంటే గట్టిది వచ్చాయి. 2012లో ఇంకో ప్రభుత్వం వచ్చి పొడవు తుపాకుల నమోదును ఎత్తేసింది. వాళ్ళు మళ్ళీ మొదటికొచ్చి అడిగారు. 1989లో వాడిన ఆ రకం తుపాకిని నిషేధించింది 2020లో, అదీ నోవా స్కోషియాలో మరో 22 మంది చనిపోయాక. నాలుగు తూటాలు తిని బతికిన నతాలీ ప్రొవో 2025లో కెనడా పార్లమెంటుకు ఎన్నికయింది. మాంట్రియల్‌లో ఆ 14 మంది పేరిట ఉన్న తోటలోని బోర్డు మీద ఎన్నో ఏళ్ళు ‘విషాద ఘటన’ అనే ఉండేది. 2019 డిసెంబరులో దాన్ని మార్చి, ఇది స్త్రీవాదం మీద జరిగిన దాడి అని, చనిపోయింది 14 మంది స్త్రీలని రాశారు. ఆ ఒక్క మాట మార్చడానికి 30 ఏళ్ళు పట్టింది.

ఆ బోర్డు మార్చిన వారమే మన దగ్గర ఏం జరిగిందో చెప్పాలి. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిని అత్యాచారం చేసి, చంపి, కాల్చేశారు. దిశ అని మనం పేరు పెట్టుకున్న అమ్మాయి. ఆ రాత్రి కుటుంబాన్ని ఈ స్టేషనుకు వెళ్ళండి, ఆ స్టేషనుకు వెళ్ళండి అని తిప్పినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. అప్పటిదాకా ప్రశ్న సరైన చోటే ఉంది. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. తెల్లారేసరికి అదే పోలీసుల మీద జనం పూలు చల్లారు.

ఆ ఉదయం మేం అంబేడ్కర్‌కి దండ వేస్తుంటే ఎవరో మిఠాయి పెట్టె తెచ్చారు. తెచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. చేపల చెరువుల మీద పనిచేసుకుని కూతుళ్ళను చదివించుకుంటున్న ఆడవాళ్ళు. “కోర్టుకెళ్తే మన బతుకులో తేలేనా అక్కా, ఇదే మంచిది” అంది ఒకామె. ఆమె కోపంలో అబద్ధం లేదు. కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళెవరూ ఆ మాటకు తేలిగ్గా జవాబు చెప్పలేరు. నేను ఆమెను అడిగింది ఒకటే: “ఆ రాత్రి ఆ పిల్ల తల్లిదండ్రుల్ని స్టేషన్ల చుట్టూ తిప్పినవాళ్ళ సంగతి ఇక ఎవరడుగుతారే?” ఆమె మాట్లాడలేదు.

సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, 10 మంది పోలీసుల మీద హత్యానేరం విచారణ జరపాలని చెప్పింది. ఆ రోజు పూలు చల్లినవాళ్ళలో ఎందరు ఆ నివేదిక గురించి విన్నారో మరి. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగు చదివే ఇద్దరమ్మాయిల మీద యాసిడ్ పోసినప్పుడూ ఇంతే. మూడు రోజుల్లో ముగ్గురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో పోయారు. అప్పుడు అక్కడ ఎస్పీగా ఉన్న అధికారే 2019లో సైబరాబాద్ కమిషనర్. యాసిడ్ ఎక్కడిది, ఎవరమ్మారు అన్న ప్రశ్న ఆ ముగ్గురితోనే పోయింది. అది దేశం ముందుకు మళ్ళీ రావడానికి 2013లో సుప్రీంకోర్టు ఆదేశాల దాకా ఆగాల్సి వచ్చింది. మన ఊళ్ళలో బాత్రూం యాసిడ్ ఇవాళ్టికీ సైకిలు మీద తెచ్చి అమ్ముతున్నారు. చీటీ లేదు, పేరు రాసుకోవడం లేదు.

ఎన్‌కౌంటర్ సరే అనేవాళ్ళకు నేనెప్పుడూ చెప్పేది ఆయేషా మీరా కథ. ఇది మా పాత కృష్ణా జిల్లాలోనే జరిగింది. 2007 డిసెంబరు 27న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుకుంటున్న అమ్మాయిని చంపేశారు. 2008లో సత్యంబాబు అనే దళిత యువకుడిని తెచ్చి, వీడే అన్నారు. 2010లో కోర్టు శిక్ష వేసింది. వీడు కాదు, అసలువాళ్ళను దాచిపెట్టారు అని ఆయేషా తల్లి శంషాద్ బేగం మొదటినుంచీ అంటూనే ఉంది. కూతురు పోయిన తల్లి, కూతురిని చంపాడని చూపించినవాణ్ణి వదలమని అడిగింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. 2018లో కేసు మళ్ళీ మొదటినుంచి దర్యాప్తు చెయ్యమని సిబిఐకి ఇచ్చారు. 2008లో జనం కోపాన్ని చల్లార్చడానికి సత్యంబాబును ఏ గుట్ట పక్కనో కాల్చి ఉంటే మనం మిఠాయిలు పంచుకునేవాళ్ళం. శంషాద్ బేగం అడగడానికి ప్రశ్న కూడా మిగిలేది కాదు.

పాకిస్తాన్‌లో పెషావర్ తల్లులు చూసిందీ దాదాపు ఇదే. 2014 డిసెంబరు 16న అక్కడ ఆర్మీ పబ్లిక్ స్కూల్లో 140 మందికి పైగా చంపేశారు, చాలామంది పిల్లలే. మరునాడే ప్రభుత్వం ఉగ్రవాద కేసుల్లో ఉరిశిక్షల మీద ఉన్న నిలుపుదలను ఎత్తేసింది, నెల తిరక్కుండా సైనిక కోర్టులు పెట్టింది. తల్లులడిగింది వేరు: బడికి కాపలా ఎవరిది, ముందస్తు హెచ్చరికలు వస్తే ఏం చేశారు? ఆ సంగతి తేల్చే న్యాయ కమిషన్ వాళ్ళ పోరు వల్ల, సుప్రీంకోర్టు ఆదేశం మీద 2018లోగాని రాలేదు. ఉరి తొందరగా దొరికింది. జవాబు దొరకలేదు.

మన తెలుగువాళ్ళకు కాలేజీలో తుపాకి అంటే అమెరికానే గుర్తొస్తుంది. 2007 ఏప్రిల్‌లో వర్జీనియా టెక్‌లో 32 మంది పోయారు. అదే ఏడు డిసెంబరు 13న లూసియానా యూనివర్సిటీ ఆవరణలోని ఇంట్లో ఇద్దరు తెలుగు పరిశోధక విద్యార్థులను కాల్చి చంపారు. ఆయేషా పోవడానికి సరిగ్గా రెండు వారాల ముందు. మా గుడివాడ, కైకలూరు ఇళ్ళల్లో ఆ రెండు వార్తలకూ ఏడ్చారు. అయితే ఒక తేడా నేను కళ్ళారా చూశాను. లూసియానా వార్త విని అమెరికా ప్రయాణం మానుకున్న అబ్బాయి నాకు తెలిసి ఒక్కడూ లేడు. ఆయేషా వార్త విని కూతుళ్ళను హాస్టలు నుంచి సామానుతో సహా తెచ్చేసుకున్న ఇళ్ళు నాకు తెలిసే ఎన్నో ఉన్నాయి. ఇద్దరు ముగ్గురికి ఆ వేసవిలోనే పెళ్ళిళ్ళయ్యాయి. మన దుఃఖం అబ్బాయి విషయంలో జాగ్రత్తగా ఉండరా అంటుంది, అమ్మాయి విషయంలో ఇక చాల్లే అంటుంది.

2019 డిసెంబరులోనూ అదే. కొవ్వొత్తుల ఊరేగింపులో పిల్లలను ముందు నడిపించారు. వారం తిరక్కుండా కొల్లేటి లంకలో ఒక తండ్రి ఇంటర్ చదివే కూతురిని కాలేజీ మాన్పించాడు. నేను వెళ్ళి అడిగితే, “రోజులెలా ఉన్నాయో చూస్తున్నారుగా అమ్మగారూ. బస్సు దిగేసరికి చీకటి పడుతుంది. గట్టు మీద రెండు కిలోమీటర్లు నడవాలి. నేను చెరువు కాపలా వదిలి రాలేను,” అన్నాడు. ఆయన్ని వెనకబడిన మనిషి అని తీసిపారెయ్యడం నాకు చేతకాలేదు. ఆయన చెప్పినవాటిలో బస్సుంది, దీపం లేని గట్టుంది, సెలవు దొరకని కూలీ ఉంది. అసలు అడగాల్సినవన్నీ ఆయనకు తెలుసు. అడగాల్సినవాళ్ళను అడిగే దారి లేక కూతురికి అడ్డం పెట్టాడు.

అదే వారం, డిసెంబరు 13న, మన శాసనసభ దిశ బిల్లు చేసింది. 21 రోజుల్లో తీర్పు అన్నారు. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు, చట్టం కాలేదు. 2021 ఆగస్టు 15న గుంటూరు నడిరోడ్డు మీద బి.టెక్ చదివే దళిత అమ్మాయిని పొడిచి చంపితే, ఉన్న చట్టాలతోనే తొమ్మిది నెలలు నిండకుండా కోర్టు తీర్పు చెప్పింది. ఉరిశిక్ష వేసింది. ఉరి మీద నా అభిప్రాయం ఈ పత్రిక చదివేవాళ్ళకు తెలిసిందే, మళ్ళీ రాయను. పోలీసులు, సాక్షులు, సర్కారు వకీలు తమ పని చేస్తే ఎన్‌కౌంటర్ కావాలని ఎవరూ అడగక్కర్లేదని మాత్రం ఆ కేసు చూపించింది.

2020 జనవరిలో ఆ లంక అమ్మాయితో పాటు మరికొందరిని కూర్చోబెట్టి, ఏమేం అడ్డొస్తున్నాయో మీరే రాయండి అన్నాం. పెద్దవాళ్ళం ఎవరం మాట్లాడకూడదని నియమం. ఒక పిల్ల ఆటోలో ఆడపిల్లలను ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చోబెడతారని రాసింది. ఒకతె కల్వర్టు మీద కూర్చుని ఫోనుతో ఫోటోలు తీసేవాళ్ళ గురించి రాసింది. ఒక పిల్ల మరుగుదొడ్డి లేక పొద్దుటినుంచి మంచినీళ్ళు తాగనని రాసింది. ఇంట్లో చెప్తే చదువు మాన్పిస్తారని చెప్పను అని నలుగురు రాశారు. ఆ కాగితాలతో సాయంత్రం బస్సు వేళ మార్చమని ఒక అర్జీ, గట్టు మలుపులో దీపం కోసం ఒక అర్జీ పెట్టాం. మార్చిలో కరోనా వచ్చి కాలేజీలే మూసేశారు. దీపం మరుసటేడు వచ్చింది. బస్సు వేళ కోసం ఇంకా తిరుగుతున్నాం. ఆ అమ్మాయి ఆ ఏడు పోగొట్టుకుంది గాని, మళ్ళీ చేరి డిగ్రీ పూర్తి చేసింది.

ఈసారి డిసెంబరు 6న దండ వేశాక తొందరపడి వెళ్ళిపోవద్దని సంఘంలో అందరికీ చెప్పాను. మాంట్రియల్‌లో పోయిన 14 మంది పేర్లు కాగితం మీద రాసి పెట్టాను, పలకడం కాస్త కష్టమే. వాటితో పాటు మన పిల్లల పేర్లూ చదువుదాం. వచ్చేవాళ్ళు తమ ఊళ్ళో యాసిడ్ ఎక్కడెక్కడ అమ్ముతున్నారో, అమ్మేవాళ్ళు పేరు రాసుకుంటున్నారో లేదో చూసుకుని రండి. మండలం మొత్తానికి ఒక పట్టిక తయారు చేసి తహసీల్దారుకు ఇవ్వాలి.