మిత్రుని వాటా

ఒక మనిషి కన్నుమూసినప్పుడు ఆ ఇంట ప్రతి ఒక్కరికీ ఒక స్థానం ఉంటుంది. భార్య నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ పాటిస్తుంది. కుమారులు వాకిట నిలిచి పరామర్శకు వచ్చినవారి సలాములు అందుకుంటారు. ఆస్తి పంపకం వేళ కూతుళ్లకు, తల్లిదండ్రులకు, కొన్ని సందర్భాలలో తోబుట్టువులకు కూడా వాటాలు నిర్ణయమై ఉన్నాయి. ఫరాయిజ్ పాఠం చెప్పేటప్పుడు ఈ వాటాలన్నీ విద్యార్థుల చేత లెక్క వేయిస్తాను. మృతుడు వసియ్యత్ చేసి ఉంటే తప్ప ఆ లెక్కలో మిత్రునికి చోటు ఉండదు. అది న్యాయమే. ఆస్తి ముందుగా చెందవలసింది కుటుంబానికే.

కాని దుఃఖం సంగతి వేరు. చిన్ననాటి నుండి కలిసి తిరిగిన స్నేహితుడు జనాజాకు భుజం పడతాడు, మూడు దోసిళ్ల మట్టి వేస్తాడు, గుంపులో ఒకడై ఇంటికి తిరిగి వెళతాడు. అతని గుమ్మంలోకి వచ్చి ఓదార్చేవారు ఉండరు. ‘పోయినవాడు నీకేమవుతాడు?’ అని అడిగితే చెప్పుకోవడానికి బంధుత్వపు పేరు కూడా అతని వద్ద లేదు.

మరి అటువంటి మనిషి తన దుఃఖాన్ని ఏం చేసుకోవాలి? ఇద్దరు డాక్యుమెంటరీ చిత్రకారుల కథను ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాను. చిత్రాల విషయమై ఉలమాల మధ్య ఉన్న చర్చ నేటి నా అంశం కాదు. మిత్రుని పోగొట్టుకున్న ఒక మనిషి ఆ శోకంతో ఏ దారిన నడిచాడన్నదే నా అంశం.

టిమ్ హెదరింగ్టన్ బ్రిటన్‌కు చెందిన ఛాయాగ్రాహకుడు. సెబాస్టియన్ యుంగర్ అమెరికా రచయిత. 2007, 2008 సంవత్సరాలలో వీరిద్దరూ ఆఫ్ఘనిస్తాన్‌లోని కొరెంగల్ లోయలో ఒక అమెరికన్ సైనిక దళంతో విడతలు విడతలుగా గడిపి ‘రెస్ట్రెపో’ అనే డాక్యుమెంటరీ తీశారు. 2010లో సండాన్స్ చలనచిత్రోత్సవంలో దానికి డాక్యుమెంటరీ విభాగపు అగ్ర బహుమతి లభించింది. మరుసటి సంవత్సరం ఆస్కార్ పోటీలోనూ నిలిచింది. ఆ యుద్ధపు మంచిచెడులపై మన అభిప్రాయం ఏదైనా కావచ్చు. ఒకే ప్రమాదపు నీడలో నెలల తరబడి మెలిగిన ఇద్దరి మధ్య ఎటువంటి బంధం ఏర్పడుతుందో మాత్రం ఊహించగలం.

ఆస్కార్ వేడుక ముగిసి రెండు నెలలు నిండకముందే, 2011 ఏప్రిల్ 20న, లిబియాలోని మిస్రాతా నగరంలో హెదరింగ్టన్ మరణించారు. గద్దాఫీ సేనల ముట్టడిలో ఉన్న ఆ నగరానికి ఆయన బెన్‌ఘాజీ నుండి సముద్ర మార్గాన పడవలో చేరుకున్నారు. అదే దాడిలో క్రిస్ హాండ్రోస్ అనే అమెరికన్ ఛాయాగ్రాహకుడు కూడా ప్రాణాలు కోల్పోయారు. హెదరింగ్టన్ వయస్సు నలభై ఏళ్లు. లిబియాలోనే అజ్‌దాబియా పట్టణ ప్రజలు తమ ఊరి కూడలికి ఆ పరదేశి పేరు పెట్టుకున్నారు. యుంగర్ మాత్రం ఆనాడు అక్కడ లేరు. ఇద్దరూ కలిసి వెళ్లవలసిన ప్రయాణంలో ఆఖరి దశలో ఆయన ఆగిపోవలసి వచ్చింది. తాను పక్కన ఉండవలసిన చోట మిత్రుడు ఒంటరిగా పోయాడన్న బాధ ఎంత బరువైనదో వేరే చెప్పనక్కరలేదు.

దారి వెదకక ముందే తోడును వెదకమని అరబ్బీలో ఒక సామెత ఉంది. ప్రయాణంలో తోడు నడిచేవానిని ఆ భాషలో ‘రఫీఖ్’ అంటారు. మృదుత్వం అని అర్థమిచ్చే ‘రిఫ్ఖ్’ కూడా అదే ధాతువు నుండి పుట్టిన మాట. మరి తోడు దొరికి, దారి కూడా నిశ్చయమై, తొలి అడుగు పడకముందే ఆ తోడు వెళ్లిపోతే?

యుంగర్‌కు జరిగింది సరిగ్గా ఇదే. అమెరికా తూర్పు ప్రాంతంలో రైలు పట్టాల వెంట కాలినడకన సాగుతూ ఒక చిత్రం తీయాలని మిత్రులిద్దరూ అనుకున్నారు. హెదరింగ్టన్ పోయిన తరువాత ఆ దారిన యుంగర్ మరో ముగ్గురిని వెంటబెట్టుకుని బయలుదేరారు. వారిలో ఇద్దరు యుద్ధం నుండి తిరిగివచ్చిన మాజీ సైనికులు. మూడవవారు గియెర్మో సెర్వెరా అనే స్పానిష్ ఛాయాగ్రాహకుడు. హెదరింగ్టన్ చివరి క్షణాలలో చెంత ఉన్నది ఈయనే.

వాషింగ్టన్ నగరం నుండి పెన్సిల్వేనియా రాష్ట్రం లోపలి దాకా సుమారు 300 మైళ్లు, అంటే దాదాపు 480 కిలోమీటర్లు వారు నడిచారు. వీపున మూటలు, ఆరుబయట వంట, వంతెనల కింద నిద్ర. దారి పొడవునా యుద్ధం గురించి, ఇంటికి తిరిగి రావడంలోని కష్టం గురించి మాట్లాడుకున్నారు. ఈ నడకే 2014లో ‘ది లాస్ట్ పాట్రోల్’, అనగా ‘చివరి గస్తీ’, అనే చిత్రంగా వెలువడింది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు పురుషుల నోట రాని మాటలు పక్కపక్కన నడిచేటప్పుడు వస్తాయి. కళ్లలోకి చూడనవసరం లేదు, మౌనానికి సంజాయిషీ చెప్పనవసరం లేదు. శోకంలో ఉన్నవారిని ‘ఎలా ఉన్నావు?’ అని అడగడం కన్నా ‘పద, అలా నడిచి వద్దాం’ అనడం ఒక్కొక్కసారి మేలు.

అయితే నడక ఓదార్చేది నడిచేవారినే. అందుకే, ఈ చిత్రానికి ముందే యుంగర్ చేపట్టిన మరొక పని నన్ను ఎక్కువగా కదిలించింది. మిస్రాతాలో ఇనుప శకలం హెదరింగ్టన్ తొడ మొదట్లోని పెద్ద రక్తనాళాన్ని తెంచింది. ఆసుపత్రికి తరలిస్తుండగా రక్తం పోయి ఆయన మరణించారు. చుట్టూ ఉన్నవారికి రక్తస్రావాన్ని అదుపు చేయడం తెలిసి ఉంటే ఆయన బతికే అవకాశం ఉండేదని యుంగర్‌కు తరువాత తెలిసింది. ఈ మాట విన్న మనిషి జీవితాంతం ఎవరినో ఒకరిని నిందిస్తూ గడపవచ్చు. ఆయన అలా చేయలేదు. స్థిరమైన ఉద్యోగం లేకుండా యుద్ధ ప్రాంతాలకు వెళ్లే విలేఖరులకు ప్రథమ చికిత్స నేర్పే ‘రిస్క్’ అనే సంస్థను స్థాపించారు. 2012 నుండి శిక్షణలు మొదలయ్యాయి. తాను మాత్రం యుద్ధ వార్తల వృత్తిని విడిచిపెట్టారు.

మిత్రుని వాటా అంటే ఇదేనని నాకు తోస్తుంది. భూమి, నగలు, ఇల్లు బంధువులకు చెందుతాయి. పోయినవాడు సగంలో విడిచిన పని, అతని మరణం నేర్పిన పాఠం మిత్రునికి మిగులుతాయి. ఆ వాటాను ఎవరూ పంచి ఇవ్వరు, తానే అందుకోవాలి.

ఆ పాఠం మనకూ అవసరమే. మన రహదారులపై రక్తం కారుతూ పడి ఉన్న మనిషి చుట్టూ గుంపు చేరుతుంది, చేయి వేసేవారు తక్కువ. శుభ్రమైన గుడ్డను గాయంపై పెట్టి, రెండు చేతులతో గట్టిగా, విడవకుండా అదిమి పట్టాలి. రక్తం ఆగిందా అని మాటిమాటికీ ఎత్తి చూడరాదు. గుడ్డ తడిస్తే దానిపైనే మరొకటి వేసి అదమాలి. ఈలోగా మరొకరు 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో ఎదిగిన పిల్లలందరికీ ఈ కొద్ది మాటలు నేర్పండి.

ఇక మృతుని కుటుంబానికి ఒక మనవి. తండ్రి పోయిన తరువాత ఆయన స్నేహితులతో సంబంధం నిలుపుకోవడం గొప్ప సత్కార్యమని మన ధర్మం బోధించింది. హజ్రత్ ఖదీజా (రజి) మరణానంతరం కూడా, మేకను జిబహ్ చేసినప్పుడు దైవప్రవక్త (స) ఆమె స్నేహితురాళ్లకు మాంసం పంపేవారన్న సంగతి మనం ప్రసంగాలలో తరచు వింటూనే ఉంటాము. ఆచరణలో మాత్రం అమ్మ స్నేహితురాలు ఎక్కడ ఉందో కూడా మనకు తెలియదు. స్త్రీల స్నేహాలను బతికి ఉన్నప్పుడే లెక్కలోకి తీసుకోని మనం వారి శోకాన్ని ఎలా గుర్తిస్తాము?

మీ ఇంట గడచిన ఏడాదిలో ఎవరైనా పోయి ఉంటే, వారికి మిక్కిలి సన్నిహితులైన స్నేహితులెవరో తెలుసుకోండి. తీరిక చూసుకుని వారి ఇంటికి వెళ్లండి. మీరు వినని జ్ఞాపకాలు వారి వద్ద ఉంటాయి. వాటిని చెప్పుకోవడానికి ఒక మనిషి వస్తే చాలునని వారు ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారో అక్కడికి వెళితేనే తెలుస్తుంది.