రిపోర్టు చేతికొచ్చింది, మరి చెప్పేదెవరు?

ఈమధ్య మా కందుకూరులో నలుగురు ఆడవాళ్లు కూడితే భూముల ధరల తర్వాత ఎక్కువగా వినిపిస్తున్న మాట థైరాయిడ్. నాలుగు ముక్కలు చదువుకున్నానని, కథలు రాస్తానని నా దగ్గరికీ రిపోర్టులు తెస్తుంటారు. "అక్కా, గీ కాయితంల ఏమున్నదో జర చెప్పు" అంటారు. నేను డాక్టర్ని కాను. కానీ ఆ కాగితం చదవడం మనందరం నేర్చుకోవాల్సిన రోజులివి.

రాష్ట్రంలో 2018లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పథకం మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే నమూనా పెద్ద ల్యాబుకు వెళ్తుంది. పైసా కట్టనక్కర్లేదు. మొదట 57 రకాల పరీక్షలుండేవి, 2023లో 134కు పెంచారు. థైరాయిడ్ పరీక్ష కూడా వాటిలో ఉంది. కూలి పోగొట్టుకుని పట్నం పరిగెత్తే ఆడవాళ్లకు ఇది మేలే.

అవసరం కూడా చిన్నదేం కాదు. హైదరాబాదుతో సహా 8 నగరాల్లో 5 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించిన అధ్యయనం ఒకటి 2013లో వెలువడింది. అందులో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగించినట్లు తేలింది. మగవాళ్లలో ఇది 5 శాతమైతే, ఆడవాళ్లలో దాదాపు 16 శాతం. జబ్బున్న ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి ఆ సంగతే అప్పటిదాకా తెలియదు.

ఇక కాగితం సంగతి. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి టి-3, టి-4 అనే హార్మోన్లు తయారుచేస్తుంది. దానిచేత పనిచేయించేది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. అది పంపే హుకుమే టి.ఎస్.హెచ్. పని మందగిస్తే యజమాని గొంతు పెంచినట్టు, థైరాయిడ్ నీరసిస్తే టి.ఎస్.హెచ్. పెరుగుతుంది. అంటే ఈ అంకె ఎక్కువుంటే సాధారణంగా థైరాయిడ్ తక్కువ పనిచేస్తోందని అర్థం. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటున్నారు.

చాలా ల్యాబుల్లో టి.ఎస్.హెచ్. మామూలు హద్దు సుమారు 0.4 నుంచి 4 దాకా ఉంటుంది. మీ రిపోర్టులో పక్కనే అచ్చయిన హద్దునే చూడండి. టి.ఎస్.హెచ్. పెరిగి, టి-4 తగ్గితే మందు అవసరమే. టి.ఎస్.హెచ్. కొంచెమే పెరిగి, టి-4 మామూలుగా ఉంటే కంగారు వద్దు. సాధారణంగా రెండు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తారు. చాలామందిలో అది దానంతటదే సర్దుకుంటుంది. 10 దాటితే డాక్టర్లు సాధారణంగా మందు మొదలుపెడతారు. గర్భిణుల సంగతి వేరు. వాళ్లకు హద్దులు మారతాయి, ఆలస్యం చేస్తే బిడ్డ మెదడు ఎదుగుదలకే ముప్పు.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు మింగేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, అవి ఫలితాన్ని తప్పుగా చూపించగలవు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, కాఫీ టీలు అరగంట, గంట ఆగాకే. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే మళ్లీ పరీక్ష. పక్కింటావిడ మాత్ర మనకు పనికిరాదు, ఆమె మోతాదు ఆమెదే.

నన్ను బాధపెట్టేది మరొకటి. కోడలు పొద్దున లేవలేకపోతే మొన్నటిదాకా "బద్ధకం" అన్నారు. ఇప్పుడు ఏ నీరసమైనా "థైరాయిడే" అంటున్నారు. రెండూ ఆమె మాట వినకుండా చెప్పే తీర్పులే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. థైరాయిడ్ మామూలుగా ఉందని ఊరుకుంటే ఆ రక్తహీనతను పట్టించుకునేదెవరు? నిద్ర చాలక, పని తెమలక వచ్చే అలసటను ఏ ల్యాబు కొలుస్తుంది?

పరీక్ష ఉచితంగా చేస్తే సగం పనే అయినట్టు. ఇంగ్లీషు అంకెల కాగితంతో పాటు తెలుగులో రెండు వాక్యాలు రాసిస్తే ఏం పోతుంది? మందు వాడాలా, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నంత వరకు చాలు. ఆశా కార్యకర్తలకు ఈ విషయంలో తర్ఫీదునిస్తే ఇంకా మంచిది. అప్పటిదాకా మనమే అడగాలి. రిపోర్టు తీసుకుని తిన్నగా ఇంటికి రాకుండా, డాక్టరు ముందు కూర్చుని "నా అంకె ఎంత, దాని అర్థమేంటి, మళ్లీ పరీక్ష ఎప్పుడు?" అని అడగండి. పాత రిపోర్టులు పారేయకుండా ఒక కవర్లో దాచుకోండి. రేషన్ కార్డు, పొలం పాసుపుస్తకం భద్రంగా పెట్టుకునే ఇంట్లో వీటికీ కాస్త చోటు దొరక్కపోదు.