మంచు తోసే పెట్టె ఇంట్లోనే చేసుకోండి, ఉప్పు మాత్రం చల్లకండి



పైన వీడియోలో మా చిన్న ట్రాక్టరు ముందు ఒక చెక్క పెట్టె కట్టి మంచు తోస్తున్నాను, చూశారు కదా. అది ఇంట్లో చేసుకున్నదే. వీడియో చూసి మా బాబాయి ఊరి నుంచి ఫోన్ చేశాడు. "ఏరా, ప్రకృతి వ్యవసాయం అని చెప్పి మంచు తోసుకుంటా కూర్చున్నావు, దీనికీ దానికీ ఏంట్రా సంబంధం?" అన్నాడు. సంబంధం ఉంది. అది చెబుదామనే ఈ నాలుగు మాటలు.

మేముండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో. నవంబరు నుంచి మార్చి దాకా మంచే. రోడ్డు మీద నుంచి ఇంటికి, కోళ్ల షెడ్డుకి కంకర దారి. అది తెరవకపోతే కోళ్లకు నీళ్లు కూడా అందవు. మంచు పడితే ఇక్కడ జనం చేసేవి రెండే పనులు: తోసెయ్యడం, లేదా ఉప్పు చల్లి కరిగించడం. మంచు పడగానే, టైర్లు తొక్కి గడ్డకట్టక ముందే శుభ్రంగా తోసేస్తే ఉప్పుతో పని దాదాపు ఉండదు. నా వాదన అంతా ఇదే.

మామూలు బ్లేడుతో తోస్తే మంచు పక్కకు జారి గట్టులా మిగులుతుంది. పెట్టెకైతే రెండు పక్కలా పలకలుంటాయి కాబట్టి మంచు ముందుకే పోతుంది. మన ఊళ్లో దమ్ము చేశాక మడి చదును చేసే చెక్క పలక ఉంటుంది కదా, దానికి రెండు చెవులు పెట్టినట్టు అనుకోండి.

మాది 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. పక్క పలకలు 2 అడుగులు ముందుకు ఉంటాయి. టైర్ల బయటి అంచు కంటే పెట్టె కొంచెం వెడల్పు ఉండాలి, లేదంటే టైర్లే మంచును తొక్కి ఐసు చేస్తాయి. వీపుకు మందపాటి ప్లైవుడ్, దాని వెనక అడ్డ దుంగలు. కింద అంచుకి పాత కన్వేయర్ బెల్టు ముక్క వేశాను. రబ్బరు కాబట్టి కంకరను పెకలించదు. పక్క పలకల అడుగున ఇనుప పట్టీలు వేస్తే జారుతూ పోతుంది.

ఇక్కడ నా మాట చాలామందికి నచ్చదు. వెల్డింగు వచ్చినవాళ్లు మందపాటి ఇనుముతో, ట్రాక్టరు కంటే గట్టిగా చేస్తారు. అది తప్పండి. విరిగితే పెట్టె విరగాలి, ట్రాక్టరు కాదు. ఈ మాట నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదటి ఏడాది పెట్టెను లోడరు బకెట్‌కి బోల్టులతో కదలకుండా బిగించాను. దారి అంచున గడ్డకట్టిన మట్టిపెళ్ల ఒకటి మంచు కింద దాగుంది. పక్క పలక ఒకటి దానికి తగిలింది. ట్రాక్టరు ఠక్కున ఆగింది, నేను వెళ్లి స్టీరింగుకు గుద్దుకున్నాను. సీటు బెల్టు పెట్టుకోలేదు మరి. పక్కటెముకలు పది రోజులు నొప్పి. లోడరు చెయ్యి ఒకటి వంగింది. ఆ రిపేరు ఖర్చుతో అలాంటి పెట్టెలు నాలుగు చేసుకోవచ్చు.

ఇప్పుడు బకెట్‌కి గొలుసుతో కట్టాను. ఏదైనా తగిలితే పెట్టె కొంచెం వెనక్కి వాలుతుంది. వెనక బరువు కట్టకుండా, బెల్టు పెట్టుకోకుండా బండి కదిలించను. ఇంకొకటి, పాత డీజిలు ట్యాంకును కోసి పెట్టె చేద్దామని మాత్రం అనుకోకండి. లోపల మిగిలిన ఆవిరికి నిప్పు తగిలితే పేలుతుంది.

ఇక ఉప్పు సంగతి. చౌడు నేల అంటే ఏంటో మనకు ఒకరు చెప్పాలా? సోడియం ఎక్కువైతే మట్టి గుల్లతనం పోతుంది, నీళ్లు దిగవు. చలికాలమంతా దారి పక్కన బస్తాలకు బస్తాలు ఉప్పు పోసి, వసంతంలో అదే నేలకు జీవామృతం పోస్తే ఏం లాభం? ఒక్క టీ చెంచా ఉప్పు 5 గ్యాలన్ల నీళ్లను, అంటే సుమారు 19 లీటర్లను, శాశ్వతంగా పాడుచేస్తుందని మిన్నెసోటా కాలుష్య నియంత్రణ ఏజెన్సీయే చెబుతోంది. పైగా మైనస్ 9 డిగ్రీల కింద మామూలు ఉప్పు సరిగ్గా పనిచెయ్యదు. ఇక్కడ జనవరి రాత్రిళ్లు మైనస్ 20 మామూలే. ఐసు కట్టిన చోట నేను ముతక ఇసుక చల్లుతాను. కరిగించదు గానీ కాలు జారనివ్వదు.

తోసిన మంచు కూడా చెత్త కాదండి, అది నీళ్లు. సుమారుగా 10 అంగుళాల మంచు కరిగితే 1 అంగుళం వాన. నేను దాన్ని ఖాళీ మళ్ల మీదకు తోస్తాను, వసంతంలో మెల్లగా ఇంకుతుంది. పండ్ల మొక్కల దగ్గర మాత్రం పోగు వెయ్యను. బరువుకు కొమ్మలు విరుగుతాయి, మంచు కింద చిట్టెలుకలు చేరి బెరడు కొరికేస్తాయి. ఉప్పు చల్లిన రోడ్డు మంచును పొలంలోకి అసలు రానివ్వను.

కొన్న పెట్టె మంచిది కాదని నేననను. డబ్బుంటే కొనుక్కోండి. కానీ మన తాతలు గుంటకను, గొర్రును ఊరి వడ్రంగి దగ్గర కూర్చుని తమ నేలకు తగ్గట్టు చేయించుకున్నారు. ఆ అలవాటు ఇంత దూరం వచ్చినా పోగొట్టుకోవద్దు అంటాను. బాబాయికి కూడా ఇదే చెప్పాను. "సరేలే, బెల్టు పెట్టుకో ముందు" అన్నాడు.

కొలతలు, గొలుసు కట్టే పద్ధతి వీడియోలో నెమ్మదిగా చూపించాను. చూసి, మీ ట్రాక్టరుకు తగ్గట్టు మార్చుకోండి.