చట్టం మెచ్చిన గాలితోనూ గుండెకు చేటు

చలికాలం రాగానే ఢిల్లీని పొగమంచు కమ్మడం, బడులకు సెలవులు ప్రకటించడం, పంజాబ్, హర్యానా రైతులపై నిందలు మోపడం ఏటా జరిగే తంతే. ఆ రభస సద్దుమణిగితే కాలుష్యం ఊసే మరుగున పడుతుంది. అయితే గుండెకు వాటిల్లే హాని ఆ కొద్ది వారాలతో ముగిసేది కాదు. ఏళ్ల తరబడి పీల్చిన గాలి చాపకింద నీరులా రక్తపోటును పెంచుతుంది.

రెండున్నర మైక్రాన్ల లోపు ధూళికణాలు ముక్కులోనో గొంతులోనో ఆగవు. ఊపిరితిత్తుల అట్టడుగు గాలిగదులకు చేరి వాపును రేకెత్తిస్తాయి. ఆ ప్రభావం దేహమంతటా పాకి రక్తనాళాల లోపొర దెబ్బతింటుంది. నాళాలు సులువుగా వ్యాకోచించే గుణాన్ని కోల్పోతాయి. సంవత్సరాల పాటు ఇదే సాగితే అధిక రక్తపోటు స్థిరపడి గుండెపోటుకు, పక్షవాతానికి దారితీస్తుంది.

ఇది పాశ్చాత్య దేశాల అనుభవాన్ని బట్టి చెబుతున్న మాట కాదు. హైదరాబాదు శివార్లకు ఆవలనున్న 28 గ్రామాలలో జరిపిన పరిశోధన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. కాలుష్యం హెచ్చుగా ఉన్న చోట నివసించే స్త్రీలలో రక్తపోటు కూడా హెచ్చుగా ఉన్నట్లు తేలింది. ఆ గ్రామాల గాలిలో సూక్ష్మకణాల వార్షిక సగటు ఘనపు మీటరుకు సుమారు 33 మైక్రోగ్రాములు. 2009లో మన దేశం విధించుకున్న వార్షిక పరిమితి 40. అంటే చట్టం దృష్టిలో ఆ పల్లెల గాలి నిక్షేపమే! ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2021లో తన పరిమితిని 10 నుంచి 5కు కుదించింది. ఒక్క అధ్యయనంతో కార్యకారణ సంబంధం రుజువైపోదన్నది నిజమే. కానీ ఢిల్లీ వాసులను కొన్నేళ్లపాటు పరిశీలించి 2020లో ప్రకటించిన ఫలితాలూ అదే దిశలో ఉన్నాయి: ఏడాది, అంతకుమించి హెచ్చు కాలుష్యంలో గడిపినవారు కొత్తగా రక్తపోటు బారిన పడే ముప్పు పెరిగింది.

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమాన్ని చేపట్టింది. చిక్కల్లా కొలమానంతోనే వచ్చింది. నగరాల పనితీరును ప్రధానంగా పది మైక్రాన్ల ముతక ధూళితో లెక్కగట్టడంతో పురపాలక సంఘాలు రోడ్లు ఊడ్చే యంత్రాలపై, నీటి తుంపరలపై మోజు పడ్డాయి. ఖర్చయిన నిధులలో 64 శాతం రోడ్ల దుమ్ముకే వెళ్లినట్లు సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తేల్చింది. గుండెను బాధించే సూక్ష్మకణాలు ప్రధానంగా వాహనాల ఇంజన్ల నుంచి, బొగ్గు విద్యుత్కేంద్రాల నుంచి, ఇటుక బట్టీల నుంచి, కట్టెల పొయ్యిల నుంచి వస్తాయి.

విద్యుత్కేంద్రాల పొగగొట్టాల నుంచి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ సైతం గాలిలో సూక్ష్మకణాలుగా మారుతుంది. దానిని అరికట్టే నిబంధనలు 2015లోనే వచ్చాయి. గడువులు పలుమార్లు పొడిగించిన పిమ్మట, అత్యధిక బొగ్గు కేంద్రాలకు ఆ శుద్ధి యంత్రాల ఏర్పాటు నుంచి 2025 జూలైలో కేంద్రం మినహాయింపే ఇచ్చింది.