సర్వర్ గదికి ఎండాకాలం: ఆసుపత్రి కంప్యూటర్ విభాగం వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంటు గారికి,
కంప్యూటర్ విభాగం సిబ్బంది నమస్కరించి సమర్పించుకొనే వినతిపత్రం.

విషయం: సర్వర్ గదిలో వేడి అదుపునకు ఏర్పాట్లు చేయించవలసిందిగా మనవి.

అయ్యా,

గత మే నెలలో ఒక సోమవారం, ఓపీ వరస గేటు దాకా ఉన్న వేళ కరెంటు పోయింది. సర్వర్లు యూపీఎస్ మీద నడుస్తూనే ఉన్నాయి, ఏసీ ఆగిపోయింది. జనరేటర్ వేసినా దానికి ఏసీ లైను కలిపి లేదు. తలుపులు తెరిచి ఫ్యాన్లు పెట్టినా అరగంటలో సర్వర్లు వాటంతటవే ఆగిపోయాయి. ఆ పూట ఓపీ చీటీలు చేత్తో రాశాం. ల్యాబు రిపోర్టుల కోసం రోగులు మధ్యాహ్నం దాకా నిలబడ్డారు.

మా ఇబ్బందులు ఇవి:

1. సర్వర్ వాడుకున్న కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. మన యంత్రాల వాడకం సుమారు 4 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తీసేయగలిగేది దాదాపు 3.5 కిలోవాట్ల వేడి. గదిలో ఉన్నది ఒకటిన్నర టన్ను ఏసీ ఒక్కటే. 45 డిగ్రీల ఎండలో దాని సత్తా ఇంకా తగ్గుతుంది. అది ట్రిప్పయితే ఆదుకోవడానికి మరొకటి లేదు.

2. థర్మామీటరు తలుపు పక్క గోడకు ఉంది. అక్కడ 24 చూపుతున్నప్పుడు ర్యాకు పై వరస సర్వర్ ముందు 33 ఉంది. ఖాళీ అరల సందుల్లోంచి వెనక వేడిగాలి ముందుకొచ్చి మళ్లీ సర్వర్లోకే పోతోంది.

3. యూపీఎస్ బ్యాటరీలూ అక్కడే ఉన్నాయి. 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకూ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

‘ఏసీ సిబ్బంది సుఖానికా?’ అన్న మాట మా చెవిన పడింది. 16 డిగ్రీల చలి మాకూ వద్దు, యంత్రాలకూ అక్కర్లేదు. సర్వర్ గదులకు చాలామంది పాటించే, శీతలీకరణ ఇంజనీర్ల సంస్థ ఆష్రే సిఫార్సు 18 నుంచి 27 డిగ్రీలు. అదీ సర్వర్ లోపలికి పీల్చుకొనే గాలికి. వేడికి సర్వర్లు ఆగడం మన దగ్గరే కాదు: 2022 జులైలో లండన్‌లో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున గైస్ అండ్ సెయింట్ థామస్ ఆసుపత్రుల డేటా సెంటర్లు రెండూ ఆగిపోయి, వైద్యులు కాగితం మీదికి మళ్లాల్సి వచ్చింది. 40 డిగ్రీలు మనకు ఏటా వచ్చేవే.

కాబట్టి మా కోరికలు:

అ) అదే సామర్థ్యం గల రెండో ఏసీ, రెంటికీ జనరేటర్ లైను.
ఆ) ర్యాకు ముందు కింద, మధ్య, పైన థర్మామీటర్లు, 27 దాటితే డ్యూటీ ఫోనుకు హెచ్చరిక.
ఇ) ర్యాకు ఖాళీలకు మూతలు; బ్యాటరీలకు వేరే గది.
ఈ) వేడి 32 చేరితే ఏ సర్వర్ ముందు ఆపాలో, రోగుల రికార్డులది చివరిదాకా ఎలా నిలపాలో రాతపూర్వక ఉత్తర్వు.

చివరి రెంటికీ పెద్ద ఖర్చు లేదు. తమ సంతకం పడితే ఈ వారమే మొదలుపెడతాం. మొదటి రెండూ మార్చిలోగా పూర్తి చేయించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయులు,
కంప్యూటర్ విభాగం సిబ్బంది